సోలార్ పెట్టించే ముందు మేడ ఎక్కకండి, కరెంటు బిల్లులు ముందేసుకొని కూర్చోండి

ఎండాకాలం మొదలైనప్పటి నుంచి నల్లగొండలో మా వీధిలోనే నలుగురైదుగురు అడిగారు, "మీరెన్ని కిలోవాట్లు పెట్టించారు, మాకూ అంతే పెట్టిస్తే సరిపోతదా" అని. దానికి జవాబు మా ఇంటి మీద లేదు, మీ కరెంటు బిల్లులో ఉంది. సోలార్ పెట్టే మనిషి వచ్చి, మేడెక్కి, టేపు పట్టి కొలిచి "మూడు కిలోవాట్లు పడతాయి సార్" అంటాడు. పట్టడం వేరు, మీకు కావాల్సినంత వేరు. నేను పెట్టించి రెండేళ్లు దాటింది, తర్వాత మా చెల్లె ఇంటికి, ఇంకో ఇద్దరు చుట్టాల ఇళ్లకు దగ్గరుండి పెట్టించాను, అందుకే ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో వరసగా రాస్తున్నా.

ముందు బిల్లు లెక్క

పన్నెండు నెలల బిల్లులు తీయండి. కాగితాలు పారేసుంటే పర్వాలేదు, ఏదో ఒక బిల్లు మీద యూఎస్‌సీ నంబరు (మీ కనెక్షన్ నంబరు) ఉంటుంది, దాంతో మన దక్షిణ తెలంగాణ కరెంటు కంపెనీ (డిస్కం) వెబ్‌సైట్‌లో పాతవి చూసుకోవచ్చు. ఒక్క నెల చూసి నిర్ణయం తీసుకోవద్దు, ఎందుకంటే మన దగ్గర సంక్రాంతి నెలలో 150 యూనిట్లు కాలే ఇల్లే మే నెలలో కూలరు, ఏసీ, ఫ్రిజ్ అన్నీ కలిసి 500 దాటేస్తుంది. పన్నెండు నెలల యూనిట్లు కూడి పన్నెండుతో భాగిస్తే వచ్చేదే మీ ఇంటి అసలు అంకె.

మన ఎండకు ఒక కిలోవాటు ప్యానెళ్లు ఏడాది పొడవునా సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి, అంటే నెలకు 120. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే ఎవరు ఎంత చెప్పినా మీరే లెక్క వేసుకోవచ్చు.

ఇప్పుడు నెలకు 350 యూనిట్లు కాలే ఇల్లు అనుకుందాం. నెలకు 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5.10 రూపాయల చొప్పున, తర్వాతి వందకు 7.70 చొప్పున, ఆ పైన వందకు 9 రూపాయల చొప్పున పడుతుంది. మొత్తం 2,240, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. అదే 200 లోపల ఉన్న ఇంటికి మొదటి వంద 3.40, రెండో వంద 4.80. సరిగ్గా 200 కాలిస్తే 820 రూపాయలు, 201 కాలిస్తే 1,027. ఒక్క యూనిట్‌కు రెండు వందలు! సోలార్ లెక్కలో ఈ మెట్టు కిందికి దిగడం ముఖ్యం, అమ్మేవాళ్లు మాత్రం ఈ ముక్క చెప్పరు.

ఎలాగంటే, సోలార్ ఇచ్చిన యూనిట్లు మీరు కాల్చిన వాటిలోంచి తీసేసి మిగతా వాటికే బిల్లు వేస్తారు. ఆ 350 యూనిట్ల ఇంటికి 1 కిలోవాటు పెడితే బిల్లు 230 యూనిట్లకు దిగుతుంది, నెలకు దాదాపు 990 మిగులుతుంది. 2 కిలోవాట్లు పెడితే 110 యూనిట్లకు దిగి, బిల్లు 388 అవుతుంది, అంటే మిగిలేది 1,850. మూడోది కూడా పెడితే ఆ మిగిలిన 388 పోతుంది, అంతే. మొదటి రెండు కిలోవాట్లు చేసిన పనిలో నాలుగో వంతు కూడా మూడోది చేయట్లేదు. మీ బిల్లు మీద రేట్లు మారి ఉంటే ఆ రేట్లతో ఇదే లెక్క వేయండి, పద్ధతి మారదు.

ఖర్చు వైపు చూస్తే కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 1 కిలోవాటుకు 30,000, రెంటికి 60,000, మూడింటికి 78,000, ఆ పైన ఎన్ని పెట్టినా 78,000 దగ్గరే ఆగుతుంది. చూశారు కదా, మూడో కిలోవాటుకు సబ్సిడీ కూడా 18,000 మాత్రమే. బ్యాటరీ లేని 3 కిలోవాట్లు అన్నీ కలిపి 2 లక్షల చుట్టూ, 2 కిలోవాట్లు లక్షా నలభై చుట్టూ పడుతున్నాయి అనుకుంటే, సబ్సిడీ పోను రెండు కిలోవాట్ల వాళ్లకు నాలుగేళ్ల లోపే డబ్బు తిరిగొస్తుంది. నెలకు 300, 350 కాలే ఇంటికి నేనైతే రెండే చెబుతాను. వచ్చే ఏడాది ఏసీ కొనబోతున్నా, ఎలక్ట్రిక్ స్కూటర్ ఆలోచన ఉన్నా అప్పుడు మూడు. స్కూటర్ ఒకసారి ఫుల్ చార్జింగ్‌కు మూడు యూనిట్ల దాకా తాగుతుంది, రోజూ తిరిగే వాళ్లకు అది చిన్న లెక్క కాదు.

ఇంకో మాట సూటిగా చెప్పాలి. గృహజ్యోతి కింద మీకు జీరో బిల్లు వస్తుంటే, అంటే తెల్ల రేషన్ కార్డు ఉండి 200 యూనిట్ల లోపు కాలుస్తుంటే, అప్పు చేసి మరీ సోలార్ పెట్టించకండి. లేని బిల్లును తగ్గించడానికి ఈఎంఐ కట్టడం అవుతుంది. మా చుట్టాల్లో ఒకాయన సరిగ్గా ఇలాగే సంతకం పెట్టబోతుంటే ఆపాను. ఎండాకాలం రెండు నెలలు 200 దాటి బిల్లు వస్తోందని ఆయన బాధ, దానికి పంకాలు మార్చితే చాలు.

పంకాల సంగతి

ఇది అందరికీ వర్తిస్తుంది, జీరో బిల్లు వాళ్లకే కాదు. పాత పంకా 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ పంకా (కొత్తరకం మోటరుది) 30 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కో పంకా మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి, నాలుగు పంకాలకు 80. అంటే మూడింట రెండు వంతుల కిలోవాటు సోలార్ మేడ మీద పెట్టినట్టే, అదీ పన్నెండు వేల చుట్టూ ఖర్చుతో. పాత ట్యూబులు ఉంటే ఎల్‌ఈడీ పెట్టండి, ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైందేమో చూడండి. ఇవన్నీ చేశాక మళ్లీ లెక్క వేస్తే కావాల్సిన ప్యానెళ్లు తగ్గుతాయి.

ఇప్పుడు మేడెక్కండి

కిలోవాటుకు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. ఒక్కో ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, మూడుమ్ముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది, బరువు 28 కిలోల చుట్టూ. స్లాబ్ ఇల్లయితే ఏ ఇబ్బందీ లేదు. సిమెంటు రేకుల ఇల్లయితే దాని మీద పెట్టనివ్వకండి, మనిషి కాలు పెడితేనే పగిలే రేకు అది. పెరట్లో గాని, పశువుల కొట్టం పక్కన గాని ఇనుప పోల్స్ మీద నిలబెట్టించండి. పాత గూనపెంకుల ఇళ్లకూ అదే దారి.

నీడ గురించి నిదానంగా చదవండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ప్యానెళ్లు ఒకదానికొకటి గొలుసులా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కదాని మీద వాటర్ ట్యాంకు నీడ పడ్డా మిగతా వాటి కరెంటు కూడా తగ్గుతుంది. మే నెలలో చూస్తే ఏ నీడా కనిపించదు, మన దగ్గర మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. డిసెంబర్‌లో చూడాలి. అప్పుడు నట్ట మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఆరడుగుల ట్యాంకు నీడ ఉత్తరం వైపు ఐదడుగులు పడుతుంది, పొద్దున తొమ్మిదికైతే ఇంకా చాలా పొడుగు. డిసెంబర్ దాకా ఆగలేకపోతే ట్యాంకు, మెట్ల గది, పక్కింటి గోడ ఇవేవీ ప్యానెళ్లకు దక్షిణం వైపు దగ్గరగా లేకుండా చూసుకోండి. తూర్పున, పడమట చెట్లుంటే వాటిని కూడా. ప్యానెళ్ల ముఖం దక్షిణానికి, వాలు 15 నుంచి 17 డిగ్రీలు, నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా ఇదే.

కరెంటు పోతే సోలార్ కూడా పోతుంది

మాకు పెట్టిన రెండో రోజే మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. నడినెత్తిన ఎండ, మేడ మీద ఆరు ప్యానెళ్లు, ఇంట్లో పంకాలు బంద్. మా అమ్మ చాటలో బియ్యం అట్లాగే పట్టుకొని వచ్చి నిలబడి, "ఏందిరా, ఇన్ని పైసలు పెట్టి పెట్టిస్తివి, కరెంటు పోతే ఒక్క పంకా తిరగదా?" అంది. నాకు నోట మాట రాలేదు, అమ్మిన మనిషి ఈ సంగతి చెప్పనే లేదు.

ఇది లోపం కాదు, కావాలనే అలా చేస్తారు. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చి వీధి లైన్‌తో కలిపే పెట్టె, ఆ లైన్‌లో కరెంటు ఉందా లేదా అని ఎప్పుడూ చూస్తూ ఉంటుంది, పోగానే తనూ ఆగిపోతుంది. ఆగకపోతే మీ ఇంటి నుంచి కరెంటు వెనక్కి పోలు మీదికి వెళ్తుంది, లైన్ బందు చేశామని నమ్మి పైకెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. కాబట్టి దీన్ని ఎవరూ మార్చకూడదు.

మరి ఏం చేయాలి? రోజుకు గంట, అరగంట పోయే చోటైతే బ్యాటరీ జోలికి పోకండి. ఇంట్లో ఇప్పటికే ఉన్న మామూలు ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ అలాగే ఉంచుకోండి, పంకాలు, లైట్లు దాని మీద నడుస్తాయి. ఒక్క జాగ్రత్త: సోలార్ ఇన్వర్టర్ తీగను మెయిన్ వైపే కలపాలి, ఇంటి ఇన్వర్టర్ అవుట్‌పుట్ వైపు కలపకూడదు, కలిపితే కాలిపోతుంది. ఎలక్ట్రీషియన్‌ను నిలబెట్టి ఈ మాట అడగండి. గంటలు గంటలు పోయే పల్లె అయితే, లేదా ఇంట్లో ఆక్సిజన్ మిషన్ లాంటిది నడిచే రోగి ఉంటే, హైబ్రిడ్ ఇన్వర్టర్ (కరెంటు పోయినా బ్యాటరీతో నడిచేది), 5 యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ పెట్టించుకోండి. లక్షకు పైనే అదనంగా అవుతుంది, దానికి సబ్సిడీ పెరగదు, కానీ నాలుగు పంకాలు, లైట్లు, ఫ్రిజ్ రాత్రంతా నడుస్తాయి.

బోర్లు ఎక్కువున్న ఊళ్లలో ఇంకోటి కూడా చూసుకోవాలి, వోల్టేజి. మోటర్లన్నీ ఒకేసారి నడిచినప్పుడు వోల్టేజి బాగా పడిపోయినా, లైన్ చివర ఉన్న ఇంట్లో మధ్యాహ్నం బాగా పెరిగినా, సోలార్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలవుతుంటుంది. పెట్టించే ముందే వారం రోజులు మీటరు దగ్గర వోల్టేజి రాసుకొని, తేడాగా ఉంటే కరెంటు ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి.

కాగితాలు

మాకు రెండు నెలలు ఇక్కడే పోయాయి. మీటరు చనిపోయిన మా నాన్న పేరు మీద ఉంది, అప్లై చేసింది నేను, బ్యాంకు ఖాతా నాది. పేర్లు కలవకపోతే ఫైలు కదలదు. మన ఊళ్లలో సగం ఇళ్ల మీటర్లు తాతల పేర్ల మీదే ఉంటాయి కాబట్టి మొట్టమొదట చేయాల్సింది మీటరు పేరు మార్పు. మరణ ధ్రువీకరణ పత్రం, ఇంటి పన్ను రశీదు, మిగతా వారసుల ఒప్పుకోలు కాగితం పట్టుకొని మీ కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్లండి. అదే సమయంలో బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (మీ ఇంటికి ఒప్పుకున్న కిలోవాట్ల పరిమితి) ఎంతుందో చూడండి, పాత ఇళ్లకు ఒక్క కిలోవాటే ఉంటుంది, పెట్టబోయే సోలార్ కన్నా తక్కువుంటే పెంచమని అప్పుడే అడగండి.

తర్వాతది తేలికే. పీఎం సూర్యఘర్ ప్రభుత్వ పోర్టల్‌లో ఫోన్ నంబరు, యూఎస్‌సీ నంబరు ఇచ్చి అప్లై చేయాలి. 10 కిలోవాట్ల లోపు ఇళ్లకు విడిగా సాంకేతిక పరిశీలన లేకుండానే అనుమతి వస్తుంది. అక్కడే ఉన్న జాబితాలోంచి వెండర్‌ను ఎంచుకోవాలి, జాబితాలో లేనివాడితో పెట్టిస్తే సబ్సిడీ రాదు. సబ్సిడీ మీ ఖాతాలోకే నేరుగా వస్తుంది, అదీ పని పూర్తయి, నెట్ మీటరు (తీసుకున్నవి, ఇచ్చినవి రెండూ లెక్కపెట్టేది) బిగించి, డిస్కం వాళ్లు చూసి వెళ్లాక. అందుకే ముందు మొత్తం డబ్బు మీరే సర్దుకోవాలి, లేదంటే ఇదే పథకం కింద బ్యాంకులు తనఖా లేకుండా ఇచ్చే లోను తీసుకోవాలి. "సోలార్ ఫ్రీ, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి.

వెండర్‌తో మాట్లాడేటప్పుడు

కనీసం ముగ్గురి దగ్గర రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి. మొత్తం ధర ఒక్క లైన్‌లో రాసిస్తే ఒప్పుకోకండి. ప్యానెల్ కంపెనీ, ఒక్కోటి ఎన్ని వాట్లు, ఎన్ని. ఇన్వర్టర్ ఏది, వారంటీ ఎన్నేళ్లు. స్ట్రక్చర్ మందం, జింకు పూత. ఎర్తింగ్ గుంతలు ఎన్ని, ఇవన్నీ విడివిడిగా ఉండాలి. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు డీసీఆర్‌వే అయుండాలి, అంటే లోపలి సెల్స్ కూడా మన దేశంలో తయారైనవి. ఇవి కొంచెం ఎక్కువ ధర, అందుకే కొందరు కాగితం మీద డీసీఆర్ రాసి వేరేవి దించుతారు. ప్యానెళ్లు ఆటోలోంచి దిగుతున్నప్పుడే ఒక్కోదాని సీరియల్ నంబరు ఫోటో తీసి, డీసీఆర్ సర్టిఫికెట్‌తో పోల్చి చూశాకే మేడెక్కించనివ్వండి. 2025 సెప్టెంబర్‌లో సోలార్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ధరల పట్టిక చూపిస్తే అడగండి. ఐదేళ్ల నిర్వహణ బాధ్యత వెండర్‌దే, అదీ కాగితం మీద ఉండాలి. డబ్బు విడతలుగా ఇవ్వండి, ఆఖరి విడత నెట్ మీటరు బిగించాకే.

వీలైతే ఇప్పటికే పెట్టించుకున్న ఇళ్లు చూసి రండి. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఊరు ఊరంతా ఇళ్ల మీద సోలార్ పెట్టారు, అటువైపు పని పడితే ఆగి, ఇంటివాళ్లతో, ముఖ్యంగా రోజంతా ఇంట్లో ఉండే ఆడవాళ్లతో మాట్లాడండి.

బిగించే రోజు ఇంట్లో ఉండండి

పనికి పోయి సాయంత్రం వచ్చి చూసుకుందాం అనుకోవద్దు. మే నెలలో వాన ముందు వచ్చే గాలి దుమారం సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఆ గాలికి ప్యానెల్ తెరచాపలా లేస్తుంది. స్ట్రక్చర్ కాళ్లు స్లాబ్‌కు బోల్టులతో బిగించి, చుట్టూ కాంక్రీటు దిమ్మె పోయించాలి, స్లాబ్‌కు రంధ్రం పెట్టిన ప్రతి చోటా వాటర్‌ప్రూఫ్ వేయించాలి. వేయకపోతే మొదటి ముసురుకే గది కురుస్తుంది. ఇన్వర్టర్‌ను పడమటి ఎండ తగిలే గోడకు గాని, రేకుల కింద గాని పెట్టనివ్వకండి.

ఎర్తింగ్ గుంతలు మూడు ఉండాలి: పిడుగు కడ్డీకి ఒకటి, ప్యానెళ్ల వైపు ఒకటి, ఇంటి కరెంటు వైపు ఒకటి. పిడుగు కడ్డీది మిగతా వాటితో కలపకూడదు. మన నేల మొరం, బండ కదా, మూడడుగులకే గడ్డపార ఖంగుమంటుంది, పనివాళ్లు అక్కడితో వదిలేసి మట్టి కప్పేస్తారు. నేను మా చెల్లె ఇంట్లో రెండు చోట్ల తవ్వించి చూశాక గాని సరైన లోతు దొరకలేదు. ఎండాకాలంలో ఆ గుంతల్లో వారానికోసారి బిందెడు నీళ్లు పోయాలి.

పెట్టాక

నెట్ మీటరులో రెండు అంకెలుంటాయి, మీరు తీసుకున్నవి, మీరిచ్చినవి. మొదటి బిల్లు రాగానే రెండూ ఫోటో తీసుకొని బిల్లుతో సరిచూడండి. ఎక్కువ ఇచ్చిన యూనిట్లు తర్వాతి నెలకు జమవుతాయి. చివరికి మిగిలిపోయిన వాటికి డిస్కం కట్టే ధర మీరు కొనే ధర కన్నా తక్కువ, అమ్ముకుందామని పెద్దది పెట్టించుకుంటే లాభం లేదు.

మే నెల మధ్యాహ్నం 3 కిలోవాట్ల సిస్టం రెండున్నరే చూపిస్తే టెన్షన్ పడకండి. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన ఎండకు అద్దం కింద 65 డిగ్రీలు దాటుతుంది, ఒక్కో డిగ్రీకి మూడో వంతు శాతం పైన తగ్గుతుంది, అక్కడే 14 శాతం పోయింది. ప్యానెళ్లకు వెలుగు కావాలి, వేడి పనికిరాదు.

కడగడం పదిహేను రోజులకోసారి, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల బూడిద పడే చోట వారానికోసారి. పొద్దు పొడవక ముందే కడగాలి, కాలుతున్న అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగలొచ్చు. బోరు నీళ్లు వద్దు. మొదట్లో మేం బోరు పైపుతోనే కొట్టాం, మూడు నెలలకు ప్యానెల్ అడుగు అంచున వేలెడు వెడల్పున తెల్లటి పొర పేరుకుంది, గోరుతో గీకినా రాలేదు, మన నీళ్లలో ఉప్పు అంత. వెనిగర్ కలిపిన నీళ్లతో మెత్తటి బట్ట పెట్టి నాలుగు పూటలు తుడిస్తే గాని పోలేదు. ఇప్పుడు రెండు బకెట్ల మిషన్ భగీరథ నల్లా నీళ్లు, పొడుగు కర్రకు మెత్తటి మాపు, అంతే. సబ్బు, పీచు వాడొద్దు. కోతులున్న చోట తీగలన్నీ గట్టి పైపుల్లో వెళ్లేలా చూడండి, వేలాడే తీగ కనిపిస్తే అవి లాగకుండా వదలవు.

ప్రతి నెలా ఒకటో తారీకున ఇన్వర్టర్ యాప్‌లో కనిపించే గడిచిన నెల మొత్తం ఉత్పత్తిని గోడ క్యాలెండర్ మీద రాయండి, పోయినేడాది అదే నెలతో పోల్చండి. మాకు ఈ జనవరిలో పోయిన జనవరి కన్నా 40 యూనిట్లు తగ్గింది. ఇన్వర్టర్ పాడైందేమోనని వెండర్‌కు ఫోన్ చేయబోయి, ముందు మేడెక్కి చూస్తే పక్కింటి వేప కొమ్మ ఏడాదిలో గోడ దాటి పెరిగి, పొద్దున తొమ్మిదింటికి చివరి ప్యానెల్ మూలన చెయ్యంత నీడ వేస్తోంది. వాళ్లను అడిగి ఆ ఒక్క కొమ్మ కొట్టించాం, ఫిబ్రవరి అంకె మళ్లీ పాత ఫిబ్రవరితో కలిసింది.